మావయ్యకు ఏడున్నర అడుగుల పడవ

బోర్టియానోర్

చిరంజీవి కోర్కోయ్‌కి ఒక్పోటి మావయ్య దీవెనలు.

నీకు ఏడేళ్ళు నిండిన రోజున అందరూ బొమ్మలు, గౌన్లు తెస్తే నేను వడ్రంగులు చెక్క నునుపు చేసే చిత్రిక తెచ్చాను. "ఆడపిల్లకి ఇదేం కానుక, మతి పోయిందా నీకు" అని మీ అమ్మ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. నువ్వు మాత్రం ఆ సాయంత్రానికే మీ ఇంటి తలుపు సగం చెక్కేశావు. ఇవాళ తేషిలో చేపలు పట్టినాయనకి చేపలాగా, లారీ తోలినాయనకి లారీలాగా శవపేటికలు చేసి పేరు తెచ్చుకున్నావంటే ఆ చిత్రిక చలవే. కాదంటావా?

అంత పనితనం ఉన్నదానివి, నాకో పడవ చేసిపెట్టు. ఏడున్నర అడుగులు. కాళ్ళు బార్లా చాపి వెల్లకిలా పడుకోవాలి. తల కింద చిన్న దిండు. నీలం రంగు, ఎర్ర చారలు. పండగ ముందు నెల్లాళ్ళూ ఊళ్ళో డప్పులు ఆపేస్తారు కదా, నాకు ఆ నిశ్శబ్దంలోనే వెళ్ళాలని ఉంది.

మీ అత్తతో అనకు. నవ్వుతుంది.

ఇట్లు,
మావయ్య

తా.క.: కొలతలకి మనిషిని పంపకు. పోయినేడాదికీ ఇప్పటికీ పొట్ట ఒక్కటే మారింది.

*

తేషి

మావయ్యకు కోర్కోయ్ దండాలు.

నీ ఉత్తరం చదివి రంపం కింద పెట్టేశాను. మళ్ళీ చేతిలోకి తీసుకోడానికి మూడు రోజులు పట్టింది. ఎంత నిబ్బరంగా రాశావు మావయ్యా. ఏమైందని అడగను. అడిగితే నువ్వు చెబుతావు, నేను వినలేను.

ఒక్కటే మనవి. డప్పులు ఆగిన నెలలో వద్దు. ఆ నెలలో అలాంటివి జరగకూడదని ఊరి కట్టుబాటు. సాగనంపడానికి ఒక్క డప్పయినా ఉండదు. ఎలాగో ఓపిక పట్టి, పండగ భోజనమైనా తిని వెళ్ళు.

నీ మేనకోడలు,
కోర్కోయ్

తా.క.: మొయ్యడానికి పిడులు ఆరు పెట్టనా, ఎనిమిదా? పొట్ట సంగతి నువ్వే రాశావు గనక అడుగుతున్నాను.

*

బోర్టియానోర్

కోర్కోయ్‌కి దీవెనలు.

ఆ నెలలో వల వెయ్యకూడదు గానీ, ఊరికే వెళ్ళి పడుకుంటే ఊరికేం నష్టం? నాకు డప్పులెందుకు? వాటి గోల తప్పించుకోడానికే కదా వెళుతున్నాను.

పిడులు ఎనిమిది పెట్టు. నలుగురూ నీళ్ళ దాకా మోస్తే చాలు, ఆ తర్వాత నా దారి నేను చూసుకుంటాను. మబ్బులు చూస్తూ, ఎవరూ పేరు పెట్టి పిలవకుండా, అలా తేలుతూ పోవాలి. ఈ వయసులో నాకు వేరే కోరిక లేదమ్మా.

మావయ్య

తా.క.: ఊళ్ళో వాళ్ళకి ఏమైందో తెలీదు. పదకొండేళ్ళ కింద నా వల తీసుకెళ్ళిన టెట్టె నిన్న దాన్ని తెచ్చిచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. మీ అత్త రెండు పూటలా వేయించిన చేప పెడుతోంది. ఎవరికైనా చెప్పావా?

*

తేషి

మావయ్యకు దండాలు.

ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకి మాత్రమే చెప్పాను.

పడవ పూర్తయి వారమైంది. ఇస్తే నువ్వు వెళ్ళిపోతావు. అందుకని ఇంకా నున్నబడలేదని రోజూ చిత్రిక పడుతూ కూర్చుంటున్నాను. చెక్క పలచబడిపోతోంది. మూత లోపలివైపు మబ్బులు వేశాను, నువ్వు ఎప్పటికీ చూస్తూ ఉండొచ్చని. పంపడానికి నాకు మనసు రావడం లేదు మావయ్యా. నువ్వు లేని ఊరికి నేను ఏ మొహం పెట్టుకుని రాను?

కోర్కోయ్

తా.క.: అత్తయ్య నిన్న కొట్టుకి వచ్చింది. పడవ పట్టుకుని గంటసేపు ఏడ్చింది. తర్వాత సంతాపానికి కొన్న ఎరుపు నలుపు బట్ట భుజాన వేసుకుని, "నాకు నప్పిందా" అని అడిగింది. నప్పిందనే చెప్పాను.

*

బోర్టియానోర్

పిచ్చి మొహం కోర్కోయ్‌కి,

పడవకి మూతేమిటే? నీ ఉత్తరం మూడుసార్లు చదివాక గానీ నాకు బోధపడలేదు. నేను చావడం లేదు. మీ అత్త చేపలు పెట్టి పెట్టి చంపితే తప్ప ఇప్పట్లో ఆ ఉద్దేశం లేదు.

యాభై ఏళ్ళు సముద్రం మీదికి వెళ్ళాను, ఒక్కసారి నడుం వాల్చిన పాపాన పోలేదు. తెడ్డు వెయ్యి, వల లాగు, నీళ్ళు తోడు. ఏ పనీ లేకుండా ఉప్పుటేటి మీద పడుకోవాలని చిన్నప్పటి కోరిక. నాకో చిన్న పడవ చేయించమని అడిగితే మా నాన్న చెవి మెలేశాడు.

నిజం చెప్పేస్తున్నాను. ఆ చిత్రిక నీ కోసం కొనలేదు. ఇంట్లో ఒక వడ్రంగి ఉంటే ఎప్పటికైనా నాకు పడవ చేసిపెడుతుందని కొన్నాను. నువ్వేమో చచ్చిపోయినవాళ్ళకి చెయ్యడం నేర్చుకున్నావు. నిన్ను బతికున్నవాడు ఏమని అడుగుతాడు? మొహమాటంతో ఇన్నేళ్ళు గడిపేశాను. చిన్నపిల్ల చేతిలో నా కోరిక పెట్టి నీ బతుకంతా అటు తిప్పేశాను. తిట్టాలనుంటే తిట్టు.

మావయ్య

తా.క.: నేను చావనని తెలిసి మీ అత్త చాలా సంతోషించింది. చేప మళ్ళీ ఒక పూటకి దిగింది.

*

తేషి

గట్టిపిండం మావయ్యకు దండాలు.

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత లేచి మూత ఊడదీశాను. మబ్బులు నేను వేసినవాటి కన్నా ఆకాశంలోవే బాగుంటాయి.

ఇన్ని చేపలు, ఇన్ని పడవలు చేశాను, ఒక్కటీ నీళ్ళ మొహం చూడలేదు. అన్నీ మట్టిలోకే వెళ్ళాయి. నీళ్ళు రాకుండా చెక్కకీ చెక్కకీ మధ్య దూది కూరి గుగ్గిలం పూస్తున్నాను. పలచబడిన చోట లోపల మరో పలక వేశాను. గురువారం నేనే తెస్తాను. నువ్వు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒడ్డునే నిలబడతాను.

కోర్కోయ్

తా.క.: దిగి వచ్చాక ఎలా ఉందో చెప్పాలి. ఎక్కడ గుచ్చుకుందో, ఎటు ఒరిగిందో దాచకుండా చెప్పు. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను, ఇంతవరకు ఒక్కరూ వెనక్కి వచ్చి బాగుందని చెప్పలేదు.