పసుపు జోలికి పోకు

కేతకీ, విఠోబా గుడికి వెళ్తున్నా. కిచిడీకి సగ్గుబియ్యం నానింది, ఇంక నీళ్ళు చిలకరించకు. వేయించిన పల్లీల పొడి ఇత్తడి డబ్బాలో ఉంది. నెయ్యి, జీలకర్ర, పచ్చిమిర్చి చాలు. పసుపు జోలికి మాత్రం పోకు తల్లీ, మన ఉపవాసానికి అది పనికిరాదు. పోయిన ఏకాదశికి రంగు బాగుంటుందని చిటికెడు వేసి, ఇంటిల్లిపాది ఉపవాసం చెడగొట్టావు. మీ మామగారేమో మళ్ళీ వడ్డించుకున్నారు! నా కిచిడీకి ఆయన ఏనాడూ మారు అడగలేదు. అడుగుతారా మరి, పెళ్ళయిన నాటినుంచీ నాది ముద్దే. నీ చేతిలో గింజకు గింజ అంటుకోదు. ఎలా చేస్తావే?

అన్నట్టు, మా భజన ఆడవాళ్ళు నాతోపాటు ఫలహారానికి వస్తున్నారు. నీకు కిచిడీ నేర్పింది నేనేనని చెప్పాను. నవ్వకు. వాళ్ళ ముందు ఒక్కసారి, “ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?” అని నన్నడుగు.