గడప దాటిన ఇనుపకాలు

1964 జూన్ 8, సోమవారం

యూనివర్సిటీలో చేరాను! రీసెర్చ్ అసిస్టెంటుని. పోలియో వచ్చినవాళ్ళకు, కాళ్ళు పోయినవాళ్ళకు నడక సాధనాలు చేసే చోటు. ఒక లేతు మిషను, ఒక కొలిమి, చుట్టూ మేం కొద్దిమందిమి. మోత్కూరు మగ్గాల వాడ పిల్లవాడు తెల్లకోటు తొడిగాడు. అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను. సిగ్గేం లేదు.

జూన్ 14

ఇంటికి వెళ్ళి చెప్పాను. బాపు మగ్గం ఆపలేదు. "నడుసుడు గూడ సదువేనారా?" అన్నాడు. సాయంత్రానికి మాత్రం వాడంతా తిరిగి చెప్పి వచ్చాడు.

జూన్ 22

మా విభాగం పెద్దసారుకు చిరాకు. ఊళ్ళలో ఇచ్చిన క్యాలిపర్లు, అదే కాలికి బిగించే ఇనుప ఊచలు, చాలామంది వాడడం లేదట. "బద్ధకం" అన్నారు. నా నోరు ఊరుకుంటుందా... "మా చెల్లెది బద్ధకం కాదు సార్" అనేశాను.

చెల్లె యాదమ్మ ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో పడిపోయింది. దవాఖానవాళ్ళు బూటుకు ఇనుప ఊచలు బిగించి ఇచ్చారు. దాంతో బజారంతా తిరుగుతుంది. గడప దగ్గరికి రాగానే మొత్తం విప్పేసి, చేతుల మీద పాకుతూ లోపలికి పోతుంది. మాకు ఇల్లే మగ్గం గది. మగ్గం దగ్గరికి చెప్పులతో ఎవరు పోతారు? బూటు విడవాలంటే ఇనుమూ విప్పాలి.

ఇదంతా చెప్పాను. సారు బల్ల మీది క్యాలిపరు బూటును తిప్పి చూశారు. తర్వాత — "అయితే బూటు లేకుండా చేయి. నువ్వే చేయి."

జూన్ 23

నువ్వే చేయి! పొద్దుటి నుంచి చెవిలో అదే.

జూలై 12

బూటు బదులు పాదం కింద టేకు చెక్క. వీధిలో ఆ చెక్కకే చెప్పు. గడప దగ్గర చెప్పు ఒక్కటి విడిస్తే చాలు. గీసిన కాగితం ఇంట్లో బాపుకు, అవ్వకు చూపించాను. అవ్వ, ఊచలను కాలికి బిగించే పట్టీల దగ్గర వేలు పెట్టింది. "గివి తోలేనా? తోలు లోపటికి రావద్దు బిడ్డా."

ఉసూరుమన్నాను. బాపు మగ్గంలోంచే — "గింతదానికి ఫికరెందుకురా? పట్టీలు నేను నేస్త."

జూలై 26

నేశాడు. మందమైన నూలు పట్టీలు, ఎర్ర అంచు. అంచెందుకు బాపూ? "ఆడపిల్లది గదరా."

ఆగస్టు 18

యూనివర్సిటీలో పట్టీ బలం చూడ్డానికి బరువులు వేలాడదీశారు. ఒకటి మీద ఒకటి... బల్ల మూలిగింది, పట్టీ తెగలేదు. "ఎవరు నేశారిది?" అన్నారు సారు. "మా బాపు!" పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. చూడనీ.

ఆగస్టు 30, ఆదివారం

యాదమ్మ కొత్త ఇనుపకాలు కట్టుకుంది. వాకిట్లో నాలుగడుగులు వేసి, గడప ముందు చెప్పు విడిచింది. పాకడానికి అలవాటుగా చేతులు కిందికి పోబోయాయి. మళ్ళీ లేచాయి.

"ఆగు" అంది అవ్వ.

నా పని అయిపోయిందనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవాలి కదా! తనే వంగి కుడికాలు కడిగింది. తర్వాత ఎడమకాలు, దాని కింది చెక్క, పక్కల ఇనుప ఊచలు... చేత్తో రుద్ది మరీ కడిగింది, అన్నీ కాలే అన్నట్టు. ఇనుము తడుస్తుంది అవ్వా అనబోయాను.

"ఇగ రా బిడ్డా."

యాదమ్మ నిలబడి గడప దాటింది. నిలబడే మగ్గం దాకా పోయింది. "అన్నా, మగ్గం పైనుంచి గిట్ల కనవడ్తదా!" అంది. బాపు తెగని దారాన్ని అతుకుతూ తల వంచుకున్నాడు. నేను ఏడ్చాను. నిజం.

సెప్టెంబర్ 1

సారుకు చెప్పాను. మురిసిపోయారు. అంతలోనే — "ఇనుము తడిసిందా?" తడిసింది సార్. "తుప్పు పడుతుందయ్యా. ఇంకోసారి కడగొద్దని చెప్పు."

అవ్వ ఇక రోజూ కడుగుతుంది. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు కడుగుతుంది. అది కాలు కాదని ఆమెకు ఎవరు చెప్పాలి...

నేనైతే చెప్పను.