తిట్టిన లెక్క, మెచ్చిన లెక్క

జూలై 2
ప్రణీత వాళ్లమ్మ సుబ్బరత్నమ్మ వచ్చి గడప దగ్గరే నిలబడింది. నువ్వు తిడతాండావని మా ప్రణీత అన్నం ముట్టలేదు టీచరమ్మా, నీ ఖోఖో వద్దు, నీ కప్పులు వద్దు, ఈ నెల చూస్తా, అట్లే తిడితే మాన్పిస్తా అంది. నేనన్నది ఒకటే మాట: నీవి కాళ్లా, పాతిన గుంజలా? ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక కూడా మైదుకూరు బడిలో ఈ ఆడపిల్లల టీమును వదల్లేదు. నా తిట్లకు ఎవరూ అన్నం మానలేదు. మానినా నాకు తెలియలేదేమో. ఇరవై ఆరున జిల్లా జట్టుకు సెలెక్షన్లు. అంత దూరం పోగలిగేది ప్రణీత ఒక్కతే.

జూలై 3
పీఈటీ గోపీకి నా మనవడి వయసు. పొగడండి మేడం, ఇప్పుడంతా పాజిటివ్ కోచింగే అన్నాడు. నేను సెకన్లు రాసుకునే నోట్‌బుక్ ముందు పెట్టాను. రెండు నెలల్లో ముప్పై ఒక్కసారి తిట్టాను. ఇరవై నాలుగుసార్లు ఆ పిల్లలు తర్వాతి టర్నులో ఇంకా ఎక్కువసేపు దొరక్కుండా తిరిగారు. పన్నెండుసార్లు మెచ్చుకున్నాను, తొమ్మిదిసార్లు ముందే దొరికిపోయారు. ఇప్పుడు చెప్పప్పా అన్నాను. ఒకసారి పొగిడి చూడండి మేడం అన్నాడు.

జూలై 8
అయినా ప్రయత్నించాను. ప్రణీత యాభై ఎనిమిది సెకన్లు దొరకలేదు. శానా బాగా ఆడినావే అన్నాను. టీచరవ్వకు జ్వరమొచ్చిందేమో చూడండే అని వెనక పిల్లలు నవ్వారు. తర్వాతి టర్ను: ఇరవై తొమ్మిది.

జూలై 12
గొంతు పూడుకుపోయింది. విజిల్ మాత్రమే.

జూలై 17
ఐదు రోజులుగా తిట్టు లేదు, మెప్పు లేదు. సెకన్లు మాత్రం రాశాను. మరీ తక్కువ ఆడినవాళ్లు తర్వాత పెరిగారు: పదహారులో పన్నెండు. మరీ ఎక్కువ ఆడినవాళ్లు తర్వాత తగ్గారు: పదహారులో పదమూడు. మూడుసార్లు సరిచూశాను. దాదాపు పాత లెక్కే.

అంటే తిట్టినందుకు పెరగలేదు. పొగిడినందుకు చెడలేదు. ఒకసారి మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా, తర్వాత తమ సగటు దగ్గరికే వస్తారు, అంతే. సగటు పాఠం ఎన్ని వందలమందికి చెప్పానో! మరి ఇన్నేళ్లు నోరు పారేసుకున్నది దేనికి? ఆ అన్నం ముట్టని పూట ఎవరి లెక్కలోకి పోతుంది?

జూలై 20, ఉదయం 7
గొంతు వచ్చింది. ఏమనాలో తెలియక ఏమీ అనలేదు.

జూలై 21
సుబ్బరత్నమ్మ మళ్లీ వచ్చింది. తిట్టేది నిలిపినావంట, టీచరవ్వకు నా మీద ఆశ పోయింది అని పిల్ల ఏడుస్తాండాది, ఏదో ఒకటి అను టీచరమ్మా అని గదిమింది. ఏమనమంటావు తల్లీ అంటే, సదువుకున్నదానివి నువ్వా నేనా అంది.

జూలై 26
ప్రణీత, నలభై ఒక్క సెకన్లు. జిల్లా జట్టు లిస్టులో పేరు రాలేదు. వచ్చి నా ఎదుట నిలబడింది. ఆ కొస పోల్ కాడ నేను తిరిగింది చూసినావా టీచరవ్వా అంది. చూశానన్నాను. యా పక్కకు తిరిగినానో చెప్పు అంది.

చూడలేదన్నాను. అప్పుడు స్టాప్‌వాచ్ చూస్తున్నాను.

నా చేతిలోంచి దాన్ని లాక్కుని తన సంచిలో వేసుకుంది. రేపు ఆరింటికి రా, చూద్దువు గానీ అంది.