కొట్టంలో దొరికిన ఎడమచేతి విల్లు

టమరాక్ క్రీక్, విస్కాన్సిన్
ఆగస్టు, 1994

విల్లుల దుకాణం కుబియాక్ గారికి,

ఇక్కడ నేను క్షేమం. మా ఆయన ఆర్విడ్ క్షేమంగా ఉండేదీ లేనిదీ మీ జవాబును బట్టి ఉంటుంది.

నిన్న కొట్టంలో గుడ్ల కోసం వెతుకుతుంటే మొక్కజొన్న బస్తాల వెనక ఒక విల్లు దొరికింది. రెండు కొసల్లో చక్రాలుండే కాంపౌండ్ విల్లు. దాని మీద మీ దుకాణం చీటీ ఉంది. మా ఆయన విల్లేమో వంటింట్లో మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్ని నేను ఇసుమంత కూడా లాగలేను. ఇది నా చేతిక్కూడా లొంగింది. అంటే ఆడమనిషిది. పైగా మా ఆయన విల్లుని అద్దంలో చూసినట్టు అంతా తిరగేసి ఉంది. అంటే ఎడమచేతి వాటం మనిషిది. మా చర్చిలో అలాంటి ఆడమనిషి ఒక్కతే, ఆర్గన్ వాయించే బెర్నిస్.

ఏటా ఆకులు రాలే కాలంలో మా ఆయన జింకల వేటకని తెల్లారకముందే అడవికి పోయి చెట్టెక్కి కూచుంటాడు. ఒంటరిగానే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ వసంతం నుంచి మనిషి మరీ మెత్తబడ్డాడు. పై అరలో కాఫీ డబ్బా నన్నే తియ్యమంటాడు. కోటు బొత్తాలు నన్నే పెట్టమంటాడు. పెట్టాక "నీ చేతిలో ఏదో మహత్తుంది వెర్నా" అంటాడు. తప్పు చెయ్యని మొగుడు ఇంత తియ్యగా మాట్లాడతాడా?

ఆ విల్లు ఎవరి కోసం కొన్నాడో చెప్పండి. ఇది నా కాపురం సంగతి.

ఇట్లు,
ఇప్పటికింకా ఆయన భార్యనే అయిన
వెర్నా టొలెఫ్సన్

తా.క. బెర్నిస్ చేసే యాపిల్ కేకు ఎప్పుడూ అడుగు మాడి ఉంటుంది. మా ఆయన అది రెండు ముక్కలు తిన్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

---

శ్రీమతి టొలెఫ్సన్ గారికి,

మీ ఉత్తరం చదివి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి ఈ జవాబు రాస్తున్నాను.

ఎవరు ఏ విల్లు ఎవరి కోసం కొన్నారన్నది మా దుకాణం గడప దాటదు. పైగా మాటిచ్చాను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎడమచేతి విల్లు ఎడమచేతి వాటం వాళ్ళకే అని లేదు. అది చేతి వ్యవహారం కాదమ్మా, కంటి వ్యవహారం. బెర్నిస్ గారిని వదిలేయండి.

మీ మేలు కోరే,
రోమన్ కుబియాక్

తా.క. అసలు మాట చివర్లో గుర్తొచ్చింది. బాణం పెట్టకుండా నారి లాగి వదలకండి. విల్లు నాశనమైపోతుంది.

---

కుబియాక్ గారికి,

మీరు తా.క. ముందు రాసి ఉత్తరం తర్వాత రాయాల్సింది. అప్పటికే లాగాను, వదిలాను. తుపాకీ పేలినట్టయింది. నారి చక్రం మీంచి జారి వేలాడింది. కోళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే దూరంగా జరుగుతున్నాయి. విల్లుని బస్తాల వెనక్కి తోసేసి తేలుకుట్టిన దొంగలా ఇంట్లోకొచ్చాను.

ఇది కంటి వ్యవహారమని మీరే ఒప్పుకున్నారు, సంతోషం. నాకెప్పుడో అనుమానం. బెర్నిస్ ఆర్గన్ వాయిస్తూ కూడా ఒక కన్ను మేం కూచునే వరస మీదే వేసి ఉంచుతుంది. అది ఎడమ కన్నే. మా ఆయన మీద కన్నేసిందని ఇంకెలా చెప్పాలి?

బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. వేట మొదలయ్యే రోజు నేనూ విల్లు పట్టుకుని ఆయన చెట్టు దగ్గరికి పోతాను. అక్కడికి ఎవరొస్తారో నా కళ్ళతో చూస్తాను. కొత్తగా వేటకెళ్ళే మనిషికి ఎలాంటి విల్లు మంచిదో రాయండి.

ఇట్లు,
తెగించిన వెర్నా టొలెఫ్సన్

తా.క. చూడగానే భయం పుట్టించేదయితే మంచిది. జింకలకి కాదు.

---

శ్రీమతి టొలెఫ్సన్ గారికి,

మీ తా.క. మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ మీ పక్షమే.

చూస్తే భయమేసే విల్లు వద్దు. మెరుపులా బాణం వదిలే విల్లూ వద్దు. కొత్తవాళ్ళు పప్పులో కాలేసేది అక్కడే. గొప్పకి పోయి తమ వల్ల కానంత బిగువున్నది కొంటారు. తీరా జింక ఎదురొచ్చే సరికి, చలికి బిగుసుకుపోయిన చేతుల్తో లాగలేక విల్లుని ఆకాశంకేసి ఎత్తి తంటాలు పడతారు. జింక కాసేపు చూసి తన దారిన తను పోతుంది. కుర్చీలో కూచుని, విల్లు ఎదురుగా పట్టుకుని, ఒళ్ళు కదపకుండా లాగగలిగిన బిగువే మీది.

విల్లు కళ్ళజోడు లాంటిది, ఒకరిది ఇంకొకరికి కుదరదు. అందుకని రెండు చేతులూ బారచాచి ఆ కొస నుంచి ఈ కొసకి కొలిపించుకోండి. తర్వాత రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి అందులోంచి దూరంగా ఉన్న వస్తువుని చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు ఆ వస్తువు సందులోనే నిలబడుతుందో, విల్లు ఆ వైపుది కొనాలి.

ఇట్లు,
రోమన్ కుబియాక్

తా.క. నారి జారిన విల్లొకటి నిన్న మా దుకాణానికొచ్చింది. తెచ్చినాయన బుర్ర గోక్కుని "ఎలుకల పనిలా ఉంది రోమన్" అన్నాడు. పెద్ద ఎలుకే అయ్యుంటుందన్నాను. బాగుచేసి ఇచ్చాను.

---

కుబియాక్‌కి,

పక్కన "గారు" లేదని గమనించండి. అది ఎలుక కొరికేసింది.

స్వెట్టరు అల్లుకోవాలని చెప్పి, చేతులు చాచి నిలబడి కొలవమన్నాను. ఆర్విడ్ టేపు విప్పకుండానే కొలత చెప్పేశాడు. విప్పి చూస్తే సరిగ్గా అంతే ఉంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"రోజూ చూసే మనిషివేగా, ఆమాత్రం తెలీదేంటి?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఎంతమంది చేతులు చూస్తే అంత అంచనా వస్తుంది!

తర్వాత కొట్టం మీద గాలికి తిరిగే రేకు కోడిపుంజుని అరచేతుల సందులోంచి చూశాను. ఎడమ కన్ను తెరిస్తే ఉంది, మూస్తే మాయమైంది. పుట్టి బుద్ధెరిగాక కుడిచేత్తో తప్ప గరిటె తిప్పని నేను ఎడమకంటి మనిషినట! ఆ ఊపులోనే కొట్టంలోకి పోయి, బస్తా మీద కూచుని, బాగుపడి వచ్చిన ఆ విల్లు లాగాను. చక్రాలు తిరిగాక చేతి మీద బరువే తెలీలేదు. నారి వచ్చి నా పెదవి మూలకి సరిగ్గా ఆనింది. ఈసారి వదల్లేదు, మెల్లగా దించాను.

అంటే ఆ మహాతల్లిది అచ్చం నా కొలతే. ఆదివారం చర్చి కింద గదిలో, అందరూ కాఫీలు తాగుతుండగా బెర్నిస్‌ని అడిగేశాను. ఆమె కాదు. మరి ఎవరు? ఇది మీకు నవ్వులాటగా ఉందేమో. నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన లేకుండా బతకడం నాకు చేతకాదు.

ఇట్లు,
వెర్నా

తా.క. బెర్నిస్ ఎడమ కన్ను గాజుదట. అందుకే అది ఎప్పుడూ మా వరస మీదే ఉంటుంది.

---

అమ్మా వెర్నా గారూ,

మీకు అమ్మడానికి నా దగ్గర విల్లు లేదు. మీ బారకీ, మీ బలానికీ, మీ ఎడమ కంటికీ సరిపడేది ఒకటే ఉండేది. అది ఏప్రిల్లోనే అమ్ముడైపోయింది.

మాటిచ్చాను కనక ఇంతకుమించి రాయను. పై వాక్యాలు ఇంకోసారి చదవండి. చదివాక వంటింట్లోకి పోయి ఆయన్నే అడగండి. కాస్త మెత్తగా అడగండి.

ఇట్లు,
రోమన్

తా.క. గాజు కన్ను దగ్గర మా ఆవిడ కుర్చీలోంచి జారింది. నడుం పట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

---

టమరాక్ క్రీక్
సెప్టెంబరు, 1994

రోమన్ గారికి,

"గారు" తిరిగిచ్చేశాను.

అడిగాను. ఆర్విడ్ బల్ల మీది కప్పుని తిప్పుతూ చెప్పాడు. మొన్న శీతాకాలంలో ఒకసారి మంచు మీద జారిపడ్డాడు, ఆ రోజే కుడి భుజం పోయిందట. ఇక జన్మలో విల్లు లాగొద్దని డాక్టరు చెప్పాడట. కాఫీ డబ్బా, కోటు బొత్తాలు అందుకే. ఆ చెయ్యి పైకి లేవదు. నేను దాన్ని సరసమనుకున్నాను, మోసమనుకున్నాను. నొప్పి అని మాత్రం తట్టలేదు.

"నాకు చెప్పొచ్చు కదయ్యా!" అన్నాను.

"ఎలా చెప్పను? విల్లు లాగలేనోడికి అడవిలో ఏం పనంటావని భయం. నువ్వు నేర్చుకుంటే నీ పక్కన నేనూ కూచోవచ్చు కదా అనుకున్నా. విల్లయితే కొన్నా గానీ, అడగడానికి నోరు రాలేదే."

"మరి నా కన్ను సంగతి నాకే తెలీదు, నీకెలా తెలిసింది?"

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు కుడి కన్ను మూస్తావుగా. పెళ్ళయిన కాడ్నించీ చూస్తున్నా."

రోమన్ గారూ, ఒక మనిషి నన్ను ఇంత శ్రద్ధగా చూస్తున్నాడని ఇన్నేళ్ళూ నాకు తెలీదు. పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చేశాను.

నిన్న వేట మొదలైంది. చెట్టు మీద నేను, చెట్టు మొదట్లో ఆయన. ఎండ ఆకుల్లోకి దిగే వేళకి ఒక మగజింక వచ్చింది. విల్లు లాగాను. ఊపిరి బిగబట్టి గురి చూస్తుంటే కింద నుంచి "ఊపిరి పీల్చుకోవే పిల్లా" అని గుసగుసగా వినిపించింది. వదిలాను. బాణం పోయి పక్క చెట్టుకి దిగబడింది. జింక నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆర్విడ్ ఎంత గట్టిగా నవ్వాడంటే చుట్టుపక్కల ఒక్క జింక కూడా మిగిలి ఉండదు. భుజం పోయాక ఆయన అలా నవ్వగా వినడం ఇదే మొదలు.

ఇట్లు,
కొత్త వేటగత్తె
వెర్నా టొలెఫ్సన్

తా.క. చెట్టు మీద కూచోడానికి కట్టే బల్ల ఇద్దరికి సరిపోయేది మీ దగ్గరుంటే పంపండి. ఇప్పుడున్నది ఒకరికే. ఆయన మాటల కోసం వంగి వంగి నా మెడ పట్టేసింది. నిచ్చెన మెట్లు దగ్గరదగ్గరగా ఉండేలా చూడండి, ఒంటిచేత్తో ఎక్కే మనిషికి.