గోడకు ఇంకో వరస

గురువారం రాత్రి, లేబర్ క్యాంపు.

అమ్వాజ్‌ అనే డబ్బున్న విదేశీయుల పేటలో పక్కపక్క ఫ్లాట్ల అమెరికా వాళ్లిద్దరి బాల్కనీల మధ్య ఇవాళ అడ్డుగోడ కట్టాను. మొన్నటిదాకా ఒకే బొగ్గుల పొయ్యి మీద మాంసం కాల్చుకు తిన్నవాళ్లే. వాళ్ల దేశం ఎన్నికల మీద మాటామాటా పెరిగిందట.

నడుమెత్తు లేపి "చాలా సార్?" అన్నాను.

"వాడి మొహం కనబడొద్దు" అన్నాడు ఒకాయన. రెండో ఆయన కిటికీలోంచి ఇంకా పైకి లేపమని చెయ్యి చూపాడు. ఇద్దరికీ కుదిరింది అదొక్కటే.

గదికొచ్చి చెబితే అందరూ పడీపడీ నవ్వారు. మా ఊరి సాయిలు నవ్వలేదు. ఊళ్లో వాడిది మా ఎదుటి పార్టీ.

"అన్నా, రేపటిసంది నా కూర నేనే వండుకుంట. నీ పార్టోళ్ల చేతి తిండి నాకొద్దు."

ఇన్నాళ్లూ గదిలో అందరికీ ఒకటే వంట. వాడు తన గిన్నె వేరే పెట్టుకున్నాడు.

అమ్వాజ్‌లో గోడకు సిమెంటన్నా కావాల్సొచ్చింది.