చిన్న పీ, పెద్ద పీ

మార్చి 3, సోమవారం
కరస్పాండెంట్ సురేంద్రబాబు సార్ పిలిపించినాడు. జూన్ నుంచి కంప్యూటర్ ల్యాబ్‌కి ఒక్కరే చాలంట. ఫైనలియర్ చెంచులక్ష్మి ప్రాజెక్టు డెమో బాగా పోతే ఆ పిల్లనే పెడతాడంట. నన్ను అడ్మిషన్లకి వేస్తాడంట. ఉదయగిరి, మర్రిపాడు పల్లెలన్నీ తిరిగి పిల్లకాయల్ని కాలేజీలో చేర్పించే పని. తొమ్మిదేళ్లుగా ఆత్మకూరులో ఈ ల్యాబ్ నాది. సరే సార్ అన్నాను.

చెంచులక్ష్మికి మౌస్ పట్టుకోవడం నేర్పించింది నేనే. ఇద్దరిదీ ఒకటే కాలనీ. సోమశిల డ్యాం నీళ్లలో ఊరు మునిగితే మా పెద్దోళ్లు లేచొచ్చి కట్టుకున్న కాలనీ. నన్ను ప్రేమక్కా అంటుంది.

మార్చి 5, బుధవారం
ఆ పిల్ల ప్రాజెక్టు చూసినాను. మునిగిన ఊరికి వెబ్‌సైట్. వాళ్ల నాయన శీనయ్య చేపలు పడతాడు. పడవ దిగినాక ఇల్లిల్లూ తిరిగి, ట్రంకు పెట్టెల్లోని పాత ఫొటోలు అడిగి తెచ్చినాడంట. మ్యాపులో ఒక ఇంటి మీద నొక్కితే ఆ ఇంటోళ్ల ఫొటో వస్తుంది. ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు. ఆ మాట అనలేదు. ఫాంట్ బాలేదు, మార్చుకో అన్నాను.

మార్చి 7, శుక్రవారం, సాయంత్రం 5.40
అందరూ పోయినారు. ఆ పిల్ల సిస్టమ్ తెరిచినాను. ఫొటోలుండే ఫోల్డర్ పేరు ఫొటోస్. ఇంగ్లీషులో మొదటి అక్షరం చిన్న పీ. దాన్ని పెద్ద పీ చేసినాను. అంతే.

ల్యాబ్‌లో విండోస్. దానికి ఏ పీ అయినా ఒకటే, పేజీ మామూలుగా తెరుచుకుంటుంది. డెమో రోజు పేజీ తెరిచేది సర్వర్ నుంచి, అది లైనక్స్. దానికి అవి రెండు వేరే వేరే పేర్లు. కోడ్‌లో చిన్న పీ ఉంటే చిన్న పీనే వెతుకుతుంది. దొరక్కపోతే లేదంటుంది. సర్వర్‌లోకి ఎక్కించేది నేనే, పాస్‌వర్డ్ నా ఒక్కదానికే తెలుసు.

నేనేమీ డిలీట్ చేయలేదు.

మార్చి 8, శనివారం
చెంచులక్ష్మి ల్యాబ్ సిస్టమ్‌లోనే కడసారి చెక్ చేసుకునింది. అన్నీ వచ్చినాయి. వాళ్లమ్మ నాకు చేపల పులుసు పంపింది. తిన్నాను.

మార్చి 10, సోమవారం
నెల్లూరు నుంచి జడ్జిగా హెన్రీ సార్ వచ్చినాడు, సాఫ్ట్‌వేర్ ఆయన. శీనయ్య కాలనీ నుంచి తొమ్మిది మంది ముసలోళ్లని ఆటోలో తీసుకొచ్చినాడు. ఉతికిన బట్టలు కట్టుకొని ముందు వరసలో కూర్చున్నారు. వెనక్కి పొమ్మంటే పోయినారు.

ప్రొజెక్టర్ మీద మ్యాప్ వచ్చింది. చెంచులక్ష్మి మొదటి ఇంటి మీద నొక్కింది. ఖాళీ డబ్బా. రెండో ఇల్లు, ఖాళీ. పదో ఇంటిదాకా నొక్కింది. నేను లైట్ల స్విచ్ దగ్గర నిలబడుండాను.

మా ఇళ్లు యాడమ్మా అని వెనక నుంచి శీనయ్య అడిగినాడు. ఈడ గూడా మునిగినట్టుండాయి, పాండి పోదాం అని ఒక ముసలామె లేచింది. పిల్లకాయలు నవ్వినారు.

హెన్రీ సార్ రెండు నిమిషాల్లో కనిపెట్టినాడు. కేస్ సెన్సిటివిటీ, చిన్నక్షరం పెద్దక్షరం తేడా, ఫస్టియర్ వాళ్లు చేసే తప్పు అన్నాడు. నేను చిన్న పీనే పెట్టినాను సార్ అనింది ఆ పిల్ల. ల్యాబ్‌కి పోయి సిస్టమ్ తెరిపిస్తే పెద్ద పీ. తప్పు చేస్తే ఒప్పుకోవాల, అబద్ధం ఆడకూడదమ్మా అన్నాడు సురేంద్రబాబు సార్. ఇప్పుడే మార్చి చూపిస్తానని బతిమాలింది. అందరూ నా పక్క చూసినారు. సర్వర్ స్లోగా ఉండాది సార్, గంట పడుతుంది అన్నాను. అర నిమిషం పని.

కూతురి బదులు శీనయ్య సారీ చెప్పినాడు, చేతులు కట్టుకొని.

మార్చి 11, మంగళవారం
చెంచులక్ష్మి వచ్చింది. నేనే తెలీకుండా మార్చినానేమో అక్కా అనింది. టెన్షన్‌లో అట్లా జరుగుతాది అన్నాను. నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. నీళ్లు తెచ్చిచ్చినాను.

మార్చి 12
రాలేదు.

ఏప్రిల్ 21, సోమవారం
చెంచులక్ష్మి పరీక్షలు రాయలేదు. ఏ.ఎస్. పేట దర్గా కాడ పూలంగట్లో కూర్చుంటా ఉండాదంట. శీనయ్య కూతురితో మాట్లాడడం లేదంట. అబద్ధాలకోరు పిల్ల, తొమ్మిది మందిలో నాయన తల దించింది అని కాలనీలో అనుకుంటా ఉన్నారని అమ్మ చెప్పింది. చిన్నపిల్ల, పోనీలేమ్మా అన్నాను. అమ్మ నన్ను మెచ్చుకునింది.

జూన్ 9, సోమవారం
ల్యాబ్ నాకే ఇచ్చినారు. పాత ప్రాజెక్టులు సర్వర్ నుంచి తీసేయమన్నారు.

జూన్ 10
తీసేసే ముందు పెద్ద పీని చిన్నది చేసినాను. ఇళ్లన్నీ వచ్చినాయి. మూడో వీధి చివర మా అవ్వ. గడప మీద కూర్చొని ఎవరికో జడేస్తా ఉండాది. ఆమె ఫొటో ఒకటి ఉండాదని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

అదొక్కటి ఫోన్‌లోకి దించుకొని మిగతావన్నీ తీసేసినాను. అమ్మకి చూపించలేదు. యాడిది అని అడుగుతాది.