రెండు పట్టీలు తీసేసిన బండి

కెజాయా,

ఇందుమూలంగా పిల్లితో సహా మన ఇంటి సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, నా పంటినొప్పి తగ్గినది.

ఇక అసలు సంగతి. గుర్రబ్బండి మెత్తగా సాగాలని స్ప్రింగులోని ఇనుప పట్టీల్లో రెండు తీసేశాను. మా బండ్ల కార్ఖానా ఆనవాయితీ ప్రకారం సీటు మీద నిండు బీరు గ్లాసు పెట్టి రాళ్లవీధిలో తోలాం. చుక్క ఒలకలేదు. గ్లాసు బరువెంత, మనిషి బరువెంత అని ఒక్కడికీ తట్టలేదు, నాక్కూడా. మర్నాడు ఆ బండి చేయించుకున్న లావుపాటి పాదిరీగారు ఎక్కి, "జేబెజ్, ఉయ్యాలలా ఉందయ్యా, నిద్రొస్తోంది" అన్నారు. "నిద్రపోవడం మా వంతండీ, మీ ప్రసంగాలప్పుడు" అన్నాను. వంతెన మలుపులో స్ప్రింగు విరిగింది, ఆయన చెయ్యీ విరిగింది. ఇరవై రెండేళ్ల నా పనితనం ఆ ఒక్క చప్పుడుతో పోయింది. యజమాని మాత్రం, "పోనీలేవోయ్, సోమవారం పనిలోకి రా" అన్నాడు.

పందిపిల్లను కొన్నావా? కొనకపోతే ఆగు. ఉన్ని మేజోళ్లు పంపకు. అమ్మ దగ్గు ఎలా ఉంది? ఆమెకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ మొగుడు,
జేబెజ్

యజమాని ఆ మాట అనలేదు, నేనే కల్పించాను. నా సుత్తి గుమ్మం బయట పెట్టి తలుపేసుకున్నాడు.